చప్పుడును మచ్చిక చేసిన మాగ్జిం

ఆటోనగర్ అనగానే మన విజయవాడ వారికి ముందుగా గుర్తుకు వచ్చేది చప్పుడు. లారీ బాడీలు కట్టే షెడ్లలో రేకుల మీద సుత్తి దెబ్బలు, లేత్ మిషన్ల రొద, ఇంజను స్టార్టు చేసి ఆక్సిలరేటరు తొక్కి చూసే మెకానిక్కులు, వెల్డింగు చిటపటలు. 1960లలో వెలసిన జవహర్ ఆటోనగర్‌లోకి అడుగుపెడితే పక్క మనిషితో కూడా గొంతెత్తి మాట్లాడవలసిందే. అంత చప్పుడులోనూ, చప్పుడును అణచే వస్తువునే బాగుచేసే పని ఒకటి నడుస్తూ ఉంటుంది. పాత సైలెన్సరును దించి, చిల్లి పడ్డ చోట రేకు అతికించి, వైరు బ్రష్షుతో తుప్పు రాల్చి, వెండి రంగు పూసి మళ్లీ ఛాసిస్ కింద బిగిస్తారు. చూడడానికి అది మామూలు గొట్టమే. దానికి అన్నదమ్ముల వరస అయ్యే ఇంకొక గొట్టం ఉంది. దాన్ని తుపాకి మూతికి బిగిస్తారు. ఈ రెండింటి చరిత్రలోనూ ఒకే మనిషి పేరు వినిపిస్తుంది. ఆయనే హైరం పెర్సీ మాగ్జిం. ఈ ప్రత్యేక సంచికలో ఆయన జీవిత విశేషాలు కొన్ని మన సభ్యుల ముందు ఉంచుతున్నాను.

మాగ్జిం అంటే చాలామందికి ఆయన తండ్రే తెలుసు. తండ్రి పేరు హైరం స్టీవెన్స్ మాగ్జిం. 1840లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో శాంగర్‌విల్ అనే పల్లెలో పుట్టి, 1881లో ఐరోపాకు వెళ్లి, లండనులో స్థిరపడి, 1884 నాటికి మాగ్జిం మర తుపాకిని తయారు చేశాడు. గుండు పేలినప్పుడు వెనక్కి తన్నే బలంతోనే తరువాతి గుండును తానే ఎక్కించుకొని నిమిషానికి సుమారు 600 గుండ్లు కాల్చే యంత్రం అది. తెల్లదొరలు ఆఫ్రికాలోనూ, ఇతర దేశాలలోనూ సామ్రాజ్యాలు నిలబెట్టుకోవడానికి అది ఎంత ఉపయోగపడిందో, ఎందరి ప్రాణాలు తీసిందో చరిత్ర చదివినవారికి విదితమే. 1901లో ఆయనకు సర్ బిరుదు కూడా దక్కింది. అయితే ఆ తుపాకి తన యజమాని దగ్గర కూడా పన్ను వసూలు చేసింది. ఏళ్ల తరబడి దాని పక్కనే నిలబడి పరీక్షలు చేసినందువల్ల పెద్ద మాగ్జిం చెవులు పోయాయి. చివరి కాలంలో ఆయన దాదాపు పూర్తిగా చెవిటివాడైపోయాడు. 1916లో మరణించాడు.

కొడుకు పెర్సీ 1869 సెప్టెంబరు 2న న్యూయార్కు పక్కనున్న బ్రూక్లిన్‌లో జన్మించాడు. తండ్రి ఐరోపాకు వెళ్లేనాటికి పిల్లవాడికి పన్నెండేళ్లు నిండలేదు. ఆయన మళ్లీ ఆ సంసారంలోకి తిరిగి రాలేదు. అక్కడ వేరే వివాహం చేసుకున్నాడు. తల్లి జేన్ పిల్లలను పెంచుకొచ్చింది. తండ్రి పేరు ప్రపంచమంతా మారుమోగుతుంటే, ఆ పేరే పెట్టుకున్న కొడుకు తండ్రి లేని ఇంట్లో పెరిగాడు. ఇలాంటి పిల్లలు రెండు రకాలుగా తయారవుతారు. తండ్రిని ద్వేషిస్తూ మిగిలిపోయేవారు కొందరు, తండ్రి చేయని పని ఏదో వెతుక్కునేవారు కొందరు. పెర్సీ రెండో కోవకు చెందినవాడని నా అభిప్రాయం.

చదువులో చురుకైనవాడు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో చేరి, 1886లో, ఇంకా పదహారేళ్ల వయసులోనే బయటికి వచ్చాడు. కొన్నాళ్లు విద్యుత్ పరికరాల కంపెనీలలో పనిచేసి, ఆ తరువాత లిన్ పట్టణంలో ఫిరంగి గుండ్లు తయారు చేసే కార్ఖానాలో సూపరింటెండెంటు అయ్యాడు. 1892లో ఒక రాత్రి సేలం నుంచి లిన్‌కు సైకిలు తొక్కుకుంటూ వస్తుండగా, ఈ తొక్కే పని ఒక చిన్న ఇంజను చేస్తే ఎంత బాగుంటుంది అనే ఆలోచన వచ్చింది. ఆ రోజుల్లో పెట్రోలు అంటే ఎవరికీ తెలియదు. బంకులు లేవు. రంగుల దుకాణంలో చిన్న సీసాలో అమ్మేవారు. ఆయన ఒక సీసా కొనుక్కొచ్చి, ఖాళీ ఫిరంగి తూటా గొట్టంలో ఒక్క చుక్క వేసి, మూతి బిగించి, అగ్గిపుల్ల గీసి చూశాడు. ఒక్క చుక్కలో అంత బలం ఉందని తెలిసి ఆయనకే గుండె ఝల్లుమంది. పాత మూడు చక్రాల సైకిలు ఒకటి కొని, దానికి సొంతంగా చేసిన ఇంజను తగిలించాడు. ఇది చూసి హార్ట్‌ఫర్డ్ నగరంలో కొలంబియా సైకిళ్లు చేసే పోప్ కంపెనీ వారు 1895లో ఆయనను మోటారు బండ్ల శాఖలోకి తీసుకున్నారు. 1899లో బ్రాన్‌ఫర్డ్‌లో జరిగిన పందెంలో తాను తయారు చేసిన బండిని తానే నడిపి గెలిచాడు కూడా.

ఆనాటి మోటారు బండి ఎలా ఉండేదో మన గ్యారేజీలలో పనిచేసినవారు సులభంగా ఊహించుకోగలరు. సైలెన్సరు ఊడిన లారీని పటమట రోడ్డు మీద నడిపినట్లే. గుర్రాలు బెదిరేవి, జనం తిట్టేవారు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మోటారు బండికి సైలెన్సరు కనిపెట్టింది మాగ్జిమే అని కొందరు రాస్తుంటారు. అది పూర్తిగా నిజం కాదు. అమెరికాలోనే మిల్టన్ రీవ్స్ అనే ఆయన 1897లో ఇంజను పొగగొట్టానికి చప్పుడు తగ్గించే పరికరం మీద పేటెంటు పొందాడు. మాగ్జిం చేసింది వేరు. చప్పుడు అణచడం అనే పనినే ఒక శాస్త్రంగా పట్టుకొని, తుపాకి నుంచి ఓడ ఇంజను దాకా దాన్ని అమలు చేసి, ఒక పరిశ్రమగా నిలబెట్టాడు.

ఆయన ముందుగా పట్టుకున్నది తుపాకినే. బహుశా తండ్రి చెవులు ఆయన మనసులో మెదిలి ఉండవచ్చు. గుండు పేలినప్పుడు వెనకనుంచి తోసుకొచ్చే వేడి వాయువు ఒక్కసారిగా బయటి గాలిని కొట్టడం వల్ల ఢాం అనే మోత పుడుతుంది. ఆ వాయువును ఒక్కసారిగా వదలకుండా, నెమ్మదిగా, చల్లబరచి వదిలితే మోత తగ్గుతుంది. ప్రెషర్ కుక్కరు మూత ఒక్కసారిగా తెరవడానికీ, విజిలు లేపి ఆవిరిని మెల్లగా వదలడానికీ ఉన్న తేడాయే ఇది. మొదట కవాటంతో ప్రయత్నించి, తరువాత వేరే దారి పట్టాడు. స్నానాల తొట్టిలోని నీరు సుడి తిరుగుతూ తూములోకి చప్పుడు లేకుండా జారిపోవడం చూసి, వాయువును కూడా అలాగే సుడి తిప్పాలని ఆయనకు తట్టిందని చెబుతారు. గొట్టం లోపల వంపు తిరిగిన రేకులు వరుసగా అమర్చాడు. గుండు నడిమి రంధ్రంలోంచి తిన్నగా పోతుంది. వాయువు మాత్రం రేకుల మధ్య చిక్కుకొని సుడులు తిరిగి, అలసి, బయటపడుతుంది. 1909 మార్చి 30న దీనికి పేటెంటు వచ్చింది. మరుసటి సంవత్సరం వచ్చిన నమూనాలో రంధ్రాన్ని నడిమి నుంచి పైకి జరిపాడు. గురి చూసే ముల్లుకు గొట్టం అడ్డు రాకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు అది. పనివాడి బుర్ర అంటే ఇదే.

మన సినిమాలలో ప్రతినాయకుడు పిస్తోలుకు ఒక గొట్టం బిగించి కాలిస్తే పిల్లి తుమ్మినంత చప్పుడు కూడా రాదు. అది సినిమా వారి సౌకర్యమే గాని వాస్తవం కాదు. సైలెన్సరు వల్ల సుమారు 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. చెవికి నష్టం జరగకుండా కాపాడడానికి అది చాలు, ఎవరికీ వినపడకుండా ఉండడానికి చాలదు. పైగా ధ్వని వేగాన్ని మించి పోయే గుండు గాలిని చీల్చుకుంటూ చేసే చప్పుడును ఏ గొట్టమూ ఆపలేదు. నార్వే, ఫిన్లాండ్ దేశాలలో వేటగాళ్లు ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా, తమ చెవులకు హాని లేకుండా దీన్ని వాడుకుంటారు. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ కూడా తన రైఫిలుకు మాగ్జిం సైలెన్సరు బిగించుకున్నాడు.

ఇక ఈ గొట్టం కష్టసుఖాలు చూద్దాం. మన ఆటోనగర్ పనివారికి బాగా తెలిసిన సంగతి ఇక్కడే వస్తుంది. చప్పుడును మింగే గొట్టం చప్పుడునే మింగదు. వేడినీ, మసినీ, తేమనూ కూడా మింగుతుంది. మందు కాలినా, పెట్రోలు కాలినా, డీజిలు కాలినా అందులోంచి నీటి ఆవిరి పుడుతుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరి రూపంలో బయటికి వస్తుందంటే నమ్మబుద్ధి కాదు గాని, శీతాకాలం ఉదయం బండి స్టార్టు చేసి పొగగొట్టం కొస చూడండి, చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఈ నీరు ఇంధనంలోని గంధకంతో కలిసి ఆమ్లం అవుతుంది. పైన వేడి, లోపల ఆమ్లం. ఉక్కు ఎన్నాళ్లు ఆగుతుంది? అందుకే సైలెన్సరు బతకాలంటే దానికి ఒంటి మీద చొక్కా కావాలి.

మాగ్జిం కాలంలో తుపాకి సైలెన్సరుకు వేసిన చొక్కా తుప్పే. ఇది హాస్యానికి అన్న మాట కాదు. ఇనుముకు పట్టే తుప్పులో రెండు రకాలున్నాయి. ఎర్ర తుప్పు పొరలు పొరలుగా ఊడిపోతూ ఇనుమును తినేస్తుంది. నల్ల తుప్పు గట్టిగా అంటుకొని ఇనుమును కాపాడుతుంది. తుపాకులు చేసేవారు ఉక్కును మెరిసేటట్లు తోమి, చేతి జిడ్డు కూడా లేకుండా కడిగి, కావాలని పలచగా ఎర్ర తుప్పు పట్టించి, మరుగు నీటిలో వేసి దాన్ని నల్లబరచి, పైన వదులుగా ఉన్న పొడిని దువ్వి తీసేసేవారు. ఇలా అనేకసార్లు చేస్తే నీలిఛాయ గల నలుపు దిగుతుంది. పైన నూనె రాయాలి. నూనె ఆరిపోతే మళ్లీ ఎర్ర తుప్పే. మన పల్లెల్లో కమ్మరి ఎర్రగా కాలిన కొడవలినో గునపాన్నో నూనెలో ముంచితే నల్లగా తేలుతుందే, దాని బంధువే ఈ విద్య. కాకపోతే సైలెన్సరుకు ఈ నలుపు అంతగా చాలలేదు. వరుసగా కాలుస్తుంటే గొట్టం వేడెక్కి నూనె పొగగా లేచిపోతుంది. ఆ వేడికి గొట్టం మీది గాలి ఎండమావిలా కదిలి గురి కూడా చెదురుతుంది.

తరువాత ఫాస్ఫేటు పూత వచ్చింది. ఇంగ్లండులో కాస్లెట్ 1906లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలో పార్కర్ పేరుతో పెరిగి, రెండో ప్రపంచ యుద్ధం నాటికి సైనిక ఆయుధాలన్నింటికీ బూడిదరంగు చర్మమైంది. నేడు ఇతర దేశాలలో వాడుతున్నది పింగాణీ జాతి పొడి కలిపిన పూత. పని పద్ధతి మాత్రం మన డెంటింగు పెయింటింగు షాపు పద్ధతే. ముందు జిడ్డు వదలగొట్టాలి. తరువాత గరుకు పొడిని గాలి వత్తిడితో కొట్టి ఉక్కు చర్మాన్ని గరుకు చేయాలి. నున్నటి గోడకు సున్నం నిలవనట్లే నున్నటి ఉక్కుకు పూత నిలవదు. ఆపైన తల వెంట్రుక మందంలో సగం కూడా లేనంత పలచగా, సుమారు 25 మైక్రాన్లు, పిచికారీ చేసి, రకాన్ని బట్టి పొయ్యిలో కాల్చడమో, గాలికి గట్టిపడనివ్వడమో చేస్తారు. మందంగా వేస్తే మంచిదనుకోవడం పొరపాటు. ఉక్కు వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. మందపు పూత దానితోపాటు సాగలేక పెచ్చులూడుతుంది. మర చుట్లలోకీ, గుండు పోయే రంధ్రంలోకీ పూత దిగకుండా ముందే మూసి ఉంచుతారు.

మన దేశంలో ఈ విద్య ఎవరూ ఇంటి దగ్గర ప్రయోగించడానికి వీలు లేదని వేరే చెప్పనక్కరలేదు. 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకి చప్పుడు తగ్గించే పరికరాన్ని తుపాకితో సమానంగానే లెక్కిస్తుంది. రంగు పూయడానికి తెచ్చినా, చేతిలో ఉండడమే నేరం. బండి సైలెన్సరు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అది లేకపోవడమే నేరం. ఒకే సూత్రం మీద పుట్టిన రెండు గొట్టాలలో ఒకటి ఉంటే తప్పు, ఒకటి లేకుంటే తప్పు! మన మనవలు బుల్లెట్ బండ్లకు సైలెన్సర్లు మార్చి వీధులు అదరగొట్టడం, పోలీసు వారు వాటిని ఊడదీయించి రోడ్డు రోలరుతో తొక్కించడం పత్రికలలో చూస్తూనే ఉన్నాం.

లారీ సైలెన్సరుకు వేసే వెండి రంగు వెనక కూడా కొంత శాస్త్రం ఉంది. ఇంజనును ఆనుకొని ఉండే మానిఫోల్డు దగ్గర వేడి 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటవచ్చు. సైలెన్సరు దగ్గరికి వచ్చేసరికి కొంత తగ్గుతుంది గాని, కిటికీలకు వేసే ఎనామిల్ రంగు అక్కడ వారం రోజులు కూడా ఆగదు, మాడి రాలిపోతుంది. వేడికి తట్టుకొనే రంగులో సిలికోన్ జిగురు, అల్యూమినియం రేణువులు ఉంటాయి. వేడి తగిలేకొద్దీ జిగురులో కాలవలసింది కాలిపోయి, మిగిలినది అల్యూమినియం రేణువులను ఉక్కుకు పట్టి ఉంచుతుంది. కొత్తగా రంగు వేసిన సైలెన్సరు మొదటిరోజు పొగ వాసన కొట్టేది అందుకే. అది రంగు చెడిపోవడం కాదు, పండడం. కొత్త బండ్లకు కంపెనీలు అల్యూమినియంలో ముంచి తీసిన ఉక్కునో, స్టెయిన్‌లెస్ ఉక్కునో వాడుతున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి మన ఇంధనంలో గంధకం పది లక్షల పాళ్లకు పది పాళ్లకు దిగింది. ఆమ్లం బాధ ఆ మేరకు తగ్గింది, నీటి బాధ తగ్గలేదు. మందుల షాపుకూ గుడికీ మాత్రమే కారు తీసే పెన్షనరు మిత్రులకు ఒక సలహా. రెండు ఫర్లాంగులు తిప్పి ఆపేస్తే సైలెన్సరు వేడెక్కక, నీరంతా లోపలే నిలిచి, లోపలినుంచే చిల్లి పడుతుంది. పైన ఎంత వెండి రంగు వేసినా లోపలి తుప్పును ఆపదు. వారానికి ఒకసారైనా కంకిపాడు దాకా పోయి రండి. సముద్రం పక్కనున్న బందరు వారికి ఉప్పుగాలి బాధ అదనం, వారు పైపూత కూడా శ్రద్ధగా చూసుకోవాలి.

మళ్లీ మాగ్జిం దగ్గరికి వద్దాం. తుపాకి సైలెన్సరు మీద జనానికి అనుమానం పెరిగింది. దొంగలకూ, హంతకులకూ ఉపయోగపడుతుందని పత్రికలు రాశాయి. 1930 ప్రాంతానికి ఆయన కంపెనీ ఆ తయారీ మానుకుంది. 1934లో అమెరికా ప్రభుత్వం ప్రతి సైలెన్సరు మీద 200 డాలర్ల పన్ను, రిజిస్ట్రేషను విధించింది. వస్తువు ధర కన్నా పన్ను ఎన్నో రెట్లు! ఆ పన్ను 2025లో చేసిన చట్టం వల్ల 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది గాని రిజిస్ట్రేషను అలాగే ఉంది. మాగ్జిం మాత్రం కోర్టుల చుట్టూ తిరగలేదు. అదే సూత్రాన్ని ఇంజన్లకూ, ఓడలకూ, గాలి కంప్రెసర్లకూ, కార్ఖానాలకూ మళ్లించాడు. వీధి చప్పుడు ఇంట్లోకి రాకుండా గాలి మాత్రమే వచ్చే కిటికీ పరికరం కూడా చేశాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఇక్కడే. తుపాకికి చేసిన దానికన్నా కార్ఖానాలకు చేసినదే ఎక్కువమంది చెవులను కాపాడింది. ఎనిమిది గంటల డ్యూటీలో 85 డెసిబెల్స్ దాటిన చోట ఏళ్ల తరబడి పనిచేస్తే వినికిడి పోతుందని నేడు అందరూ ఒప్పుకున్న విషయం. మన సభ్యులలో వర్క్‌షాపుల్లో, గ్యారేజీల్లో, జనరేటరు గదుల్లో సర్వీసు చేసినవారు ఇప్పుడు టీవీ సౌండు పెంచమని కోడళ్లను అడగవలసి రావడం, ఫోను ఎత్తి వినపడక మనవడికి ఇవ్వడం మనకు తెలియనిది కాదు. ఆ నష్టానికి ఏ పెన్షను లెక్కల్లోనూ పద్దు లేదు.

చప్పుడు అణచిన ఈ మనిషికే మాటలు దూరం పంపడం మీద మహా మోజు. 1914లో ఒక రేడియో పరికరం కోసం స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వైర్‌లెస్ సందేశం పంపబోతే అంత దూరం అందలేదు. మధ్య ఊళ్లో ఉన్న మరో ఔత్సాహికుడు అందుకొని ముందుకు పంపాడు. దీన్నే దేశమంతటా చేస్తే? అన్న ఆలోచనతో, క్లారెన్స్ టస్కా అనే యువకుడితో కలిసి అమెరికన్ రేడియో రిలే లీగ్ స్థాపించాడు. 1925లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘానికి మొదటి అధ్యక్షుడు ఆయనే. నేడు మనం హామ్ రేడియో అంటున్నది ఈ సంప్రదాయమే. దానికోసం మన హైదరాబాదులో 1983లో ఒక జాతీయ సంస్థ కూడా ఏర్పడింది. తుపాను వచ్చి తీగలన్నీ తెగిపోయినప్పుడు ఒక్క వార్త బయటికి పోవడం ఎంత విలువైనదో, 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన చూసిన తరానికి వివరించనక్కరలేదు. 1926లో ఆయన ఔత్సాహికుల సినిమా సంఘం కూడా పెట్టాడు. ఆకాశంలోని గ్రహాల మీద, వాటిపై జీవం ఉండవచ్చునా అనే దాని మీద 1933లో ఒక పుస్తకం రాశాడు.

1936 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని లిక్ నక్షత్రశాల చూడడానికి రైలులో బయలుదేరాడు. దారిలో జబ్బు చేసి, కొలరాడో రాష్ట్రంలోని లా హుంటా పట్టణంలో దించారు. ఫిబ్రవరి 17న అక్కడే కన్నుమూశాడు. వయసు 66. భార్య జోసెఫిన్ పుట్టింటివారి ప్రాంతమైన మేరీలాండ్‌లోని హేగర్స్‌టౌన్‌లో సమాధి చేశారు. ఆయన రేడియో పిలుపు గుర్తు డబ్ల్యూ-వన్-ఏ-డబ్ల్యూను లీగ్ వారు తమ కేంద్ర స్టేషనుకు పెట్టుకున్నారు. న్యూయింగ్టన్ నుంచి ఆ గుర్తుతో నేటికీ ప్రసారాలు సాగుతున్నాయి.

చనిపోయిన సంవత్సరమే ఆయన రాసిన మరో పుస్తకం వెలువడింది. అది సైలెన్సరు గురించి కాదు, రేడియో గురించి కాదు. తనను చిన్నతనంలోనే వదిలి వెళ్లిన తండ్రి ఇంట్లో ఉన్న ఆ కొద్ది సంవత్సరాల ముచ్చట్లు, ఆయన చేసిన చిలిపి పనులు, కోపాలు, ప్రయోగాలు నవ్వుతూ రాసుకున్న పుస్తకం. పదేళ్ల తరువాత, 1946లో, హాలీవుడ్ వారు దాన్ని సినిమాగా కూడా తీశారు.